వాయిదాకు ఆమెను ఒంటరిగా పంపొద్దు



కిస్తీ తప్పితే మనం నలుగురం కలిసి ఆ ఇంటికి పోతం. ఎందుకు కట్టలేదో అడుగుతం, కష్టముంటే సర్దుతం. అదే చెల్లె కోర్టు వాయిదాకు పోతే మాత్రం ఎవరం వెంట పోము. ఈ వార్షిక సభలో ఆ తప్పు ఒప్పుకుంటున్నం.

ఎల్లారెడ్డి వైపు మా సభ్యురాలి చెయ్యి ఆమె భర్త విరగ్గొట్టిండు. ఆమె కేసు పెట్టింది. వాయిదాల మీద వాయిదాలు పడ్డయి. బస్సు ఉచితమే గాని, పోయిన ప్రతిసారీ ఒకరోజు కూలి పోయింది. కోర్టు వరండాల అత్తింటోళ్లు పదిమంది, ఈమె ఒక్కతే. ఊర్లె పెద్దమనుషులు రాజీ అన్నరు. మేము కూడా "పిల్లల మొహం చూసి సర్దుకో" అన్నం. సాక్ష్యం నాడు ఆమె "నేనే జారిపడ్డ" అని చెప్పింది. కేసు కొట్టుడుపోయింది. కోర్టుల న్యాయం లేదని మనం అంటున్నం గాని, ఆమె నోరు మూయించినోళ్లలో మనమూ ఉన్నం.

అందుకే ఈ మాటలు ప్రతి సంఘం మీటింగులో చదవాలె.

ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు సాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. కామారెడ్డి జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగాలె, లేదా 15100కు ఫోన్ చెయ్యాలె.

2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చినయి. ఫిర్యాదు ఏ ఠాణాలోనైనా తీసుకోవాలె, ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలె. తీసుకోకుంటే ఎస్పీకి రాసి పంపాలె, అక్కడా కాకుంటే మెజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో పోలీసులే చెప్పాలె. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం అవసరం లేదు. నిందితుడు నిర్దోషి అని కోర్టు విడుదల చేస్తే బాధితురాలు అప్పీలుకు పోవచ్చు.

వెంట పోవుడంటే సాక్ష్యం నేర్పుడు కాదు. ఏం జరిగిందో ఆమె నోటితోనే చెప్పాలె. మన బిడ్డ కేసైనా, మన కొడుకు మీద కేసైనా అబద్ధం చెప్పించొద్దు. న్యాయం ఇద్దరికీ కావాలె.

మా తీర్మానం ఇది: వాయిదా తేదీలు పొదుపు పుస్తకంలోనే రాసుకుందాం. ఎల్లారెడ్డి కోర్టయినా, కామారెడ్డి కోర్టయినా ప్రతి వాయిదాకు ఇద్దరం ఆమె వెంట పోదాం. ఆ రోజు పోయే ఆమె కూలి సంఘం భరించాలె. రాజీ కావాల్నో వద్దో ఆమెనే చెప్తది. మనం పక్కన కూసుందాం.