గనిలోని పాతనీరు



ఇటీవల నా కుమారుని చూడ మాదాపురము పోయితిని. 1998వ సంవత్సరమున అచ్చట సైబర్ టవర్స్ అను మేడ ప్రారంభమైనది. అంతకు మున్ను ఆ తావెల్ల గుట్టలు, బండలు. నేడన్ననో రాత్రియు పగటివలె వెలుగుచున్నది. ఇంత కరెంటు ఎక్కడిదని నా మనుమరాలు అడిగినది. అందు కొంత సింగరేణి బొగ్గునుండి వచ్చుచున్నదంటిని. ఆ బొగ్గును మనుష్యులే తీయుదురా యని మరల అడిగినది. ఆ రాత్రి నేను పూర్తిగా చెప్పలేకపోయిన సమాధానమే యీ ప్రసంగము.

1871లో కింగు దొర ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889లో తవ్వకము మొదలయ్యెను. నాటినుండి భూమిక్రింద పనిచేయువారికి మృత్యువు పలు త్రోవల వచ్చుచున్నది. వాయువు మండును. పైకప్పు కూలును. సంతలో కుండను కొట్టి చూచినట్లే, సర్దారు కఱ్ఱతో కప్పును తట్టి చూచును. డొల్లమ్రోత వినబడెనా, అచ్చటినుండి జనమును తొలగించును.

నీటికి మాత్రము అట్టి మ్రోత లేదు. వెనుకటివారు త్రవ్వి విడిచిన పనులలో ఏండ్ల తరబడి ఊటనీరు నిండి చీకటిలో నిలిచియుండును. ప్రక్కనో క్రిందనో క్రొత్తపని సాగుచుండును. నడుమనున్నది బొగ్గుగోడ యొక్కటియే. చెరువుకట్ట యనుకొనుడు, అయితే మన చెరువుకట్టను కంటితో చూతుము, దీనిని కాగితముపైననే చూడవలెను.

1975 డిసెంబరు 27న ధన్‌బాదు చెంత చస్నాలా గనిలో పాతపనుల నీరు విరుచుకొనిపడి 375 మంది మరణించిరి. మన గోదావరిఖనిలో 2003 జూన్ 16న ఏడవ ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొరబడి 17 గురు కార్మికులు అసువులు బాసిరి. ఊరిలో వరద వచ్చినచో చెట్టెక్కి బ్రతికినవారు కలరు. అచ్చట ఎక్కుటకేమున్నది?

1957 నాటి బొగ్గుగనుల నిబంధనలలోనే, విడిచిన పనులకు 60 మీటర్ల లోపునకు వచ్చినపిమ్మట వ్రాతమూలకమైన అనుమతి లేక ముందుకు సాగరాదని విధించిరి. సాగునప్పుడును ముందుగా బెజ్జములు తొలచి నీటిజాడ చూడవలెను. మంచి కట్టడియే. కాని పాతపటమున ఒక్క గది తప్పిపోయెనేని ఆ 60 మీటర్లు ఎచ్చటినుండి కొలువవలెను? కావున మీ యిండ్ల బిడ్డలెవరైన గనిపనికి పోవుచుండినచో, జీతమెంత యని అడుగుటకు మున్ను, ప్రక్కనున్న పాతపనుల పటమును చూచితివా యని అడుగుడు.

నా శిష్యుడొకడు గనిలో సర్వేయరు. చిన్ననాడు గుణకారములో తొందరపడి నాచే మొట్టికాయలు తినినవాడే. మొన్న కనబడి, "అయ్యవారూ, ఆ గోడ కొలత రెండుమారులు తీయుదును, మరునాడు మరల తీయుదును" అనెను.