నేలకు దుప్పటి, కలుపుకు అడ్డం



పైరును రైతు విత్తుతాడు. కలుపును ఎవరూ విత్తరు. అయినా పైరుకంటే ముందే అది లేస్తుంది. పైరుకు వేసిన ఎరువు అది తింటుంది. పైరుకు పెట్టిన నీరు అది తాగుతుంది. దాన్ని తీసేది ఎక్కువగా ఆడవాళ్లే. పొద్దంతా నడుం వంచి తీస్తారు. పది రోజులకు మళ్లీ మొలుస్తుంది.

మరి కలుపు మొలవకముందే దాన్ని ఆపలేమా? అమెరికాలో కొందరు రైతులు ఈ పని చేస్తున్నారు. ఎలా చేస్తున్నారో చూద్దాం.

అక్కడ మందులు లేకుండా సోయా చిక్కుడు పండించే రైతులు ఉన్నారు. వాళ్లు కలుపు మందు కొట్టకూడదు. 2002 నుంచి దీనికి దేశమంతటా ఒకే నియమాలు ఉన్నాయి. పొలాలు వందల ఎకరాలు. చేత్తో కలుపు తీయడం అయ్యే పని కాదు. అందుకని సాళ్ల మధ్య ట్రాక్టరుతో మళ్లీ మళ్లీ దున్నేవారు. వాన పట్టుకుంటే ట్రాక్టరు చేలోకి దిగదు. అప్పుడు కలుపుదే రాజ్యం. దున్ని దున్ని మన్ను వదులవుతుంది. వాలు నేలల్లో ఆ మన్ను వాన నీటితో కొట్టుకుపోతుంది.

వీళ్లకు రై అనే ధాన్యం తోడు వచ్చింది. రై అంటే ఆవాలు కాదు. ఇది గోధుమకు చుట్టం. చలికి, మంచుకు తట్టుకుంటుంది. సెప్టెంబరులో దీన్ని ఒత్తుగా చల్లుతారు. చలికాలమంతా మంచు కింద ఉంటుంది. ఏప్రిల్ వచ్చేసరికి జోరుగా పెరుగుతుంది. మే చివరికి మనిషి ఎత్తుకు వస్తుంది. పూత పూస్తుంది.

అప్పుడు దాన్ని కోయరు. దున్నరు. పడుకోబెడతారు. ఇందుకు ట్రాక్టరుకు ఒక ఇనుప రోలరు కడతారు. రోడ్డు రోలరు లాంటిదే. దాని చుట్టూ మొద్దు పలకలు ఉంటాయి. ఆ పలకలు కాడను తెంపవు. నలిపి నొక్కుతాయి. రై అలాగే పడి ఎండిపోతుంది. ఇలాంటి రోలరును బ్రెజిల్ రైతులు ముందే వాడేవారు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో రోడేల్ అనే సంస్థ ఉంది. 1947లో పెట్టారు. ఆ సంస్థ ఈ రోలరును తమ పొలాలకు తగినట్టు చేసి రైతులకు చూపించింది.

పడిన గడ్డిని చీల్చుకుంటూ విత్తే యంత్రం సోయా విత్తనం వేస్తుంది. సోయా గింజ పెద్దది. బలంగా పైకి వస్తుంది. కలుపు గింజలు ఎక్కువగా చిన్నవి. గడ్డి కింద వాటికి వెలుతురు అందదు. మొలిచినా పైకి రాలేవు. మన ఇళ్లలో వండుకునే తోటకూర జాతి మొక్కలు అక్కడ పెద్ద కలుపు. వాటి గింజ ఎంత చిన్నదో మీకు తెలుసు కదా!

ఇంకో సంగతి. రై నేలలోని నత్రజనిని లాగేసుకుంటుంది. కలుపుకు తిండి తగ్గుతుంది. మరి సోయాకు? దానికి దిగులు లేదు. దాని వేళ్లకు బుడిపెలు ఉంటాయి. ఆ బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. పెసర, కంది, వేరుసెనగ వేళ్లకు కూడా ఇలాంటి బుడిపెలే ఉంటాయి.

అయితే ఇది మంత్రం కాదు. గడ్డి పలచగా ఉంటే కలుపు లేస్తుంది. ఎకరానికి సుమారు 36 క్వింటాళ్ల ఎండు గడ్డి కావాలి. పూత రాకముందే నొక్కితే రై మళ్లీ నిలబడుతుంది. గింజ పట్టాక నొక్కితే ఆ గింజ రాలి అదే కలుపవుతుంది. వాన తక్కువైన ఏడు రై నేలలో తడినంతా తాగేస్తుంది. వేరు నుంచి, దుంప నుంచి లేచే కలుపు ఈ దుప్పటికి లొంగదు. కొన్నిసార్లు సోయా దిగుబడి కూడా తగ్గుతుంది. అందుకే తెలిసిన రైతు ముందు కొద్ది నేలలోనే వేసి చూస్తాడు.

మన ఆదిలాబాదు వైపు కూడా సోయా పండుతుంది. కానీ అక్కడ తొలకరికి విత్తుతారు. దానికి ముందు ఎండాకాలం. రైకి చలి కావాలి. కాబట్టి రై మనకు కుదరదు. కుదిరేది ఆ ఉపాయం. నేలను ఉత్తగా వదలకూడదు. జనుము, జీలుగ, పిల్లిపెసర మన పెద్దలకు తెలిసినవే. ఒత్తుగా చల్లితే కలుపును అణుస్తాయి. పూత వేళ నేలలో కలిపితే ఎరువవుతాయి. కూరగాయల మడిలో గడ్డి, ఆకు పరిస్తే తడి కూడా నిలుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. గడ్డి నేలకు వేస్తే గేదె ఏం తింటుంది? కలుపు తగ్గితే కూలికి వెళ్లే అక్కకు పని ఎక్కడిది? ఇవి చిన్న మాటలు కావు. సొంత చేలో వంగే ఆడమనిషికి నడుం నొప్పి తగ్గుతుంది. కూలి మీద బతికే ఆడమనిషికి కూలి తగ్గుతుంది. కాబట్టి ఏం వేయాలి, ఎంత వేయాలి అని ఇంట్లో, సంఘంలో మాట్లాడుకునేటప్పుడు ఆడవాళ్లు కూడా కూర్చోవాలి. ఇద్దరి మాటా వినాలి.

ముందు ఒక్క గుంటలో చేసి చూడండి. ఎకరానికి 40 గుంటలు. 36 క్వింటాళ్లను 40తో భాగిస్తే గుంటకు 90 కిలోలు. పశువులు తినని ఆకు, అలము, చెత్త చూసుకోండి. పక్కనే ఇంకో గుంట మామూలుగా వదలండి. ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఏ గుంటలో ఎన్నిసార్లు కలుపు తీశారు? ఎంతమంది తీశారు? ఎన్ని కిలోలు పండింది? మీ చేత్తో రాయండి. పంట ఇంటికి వచ్చాక ఆ లెక్క చదివి వినిపించండి. అప్పుడు ఆ మాటను ఎవరూ తీసేయలేరు.