వైద్య పరికరాల నిర్మాణంలో విశ్వవిద్యాలయాల బాధ్యత
(బారిడీహ్‌లో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం, పింఛను గురించి మాట్లాడవలసిన వేదికపై విశ్వవిద్యాలయాల ప్రసక్తి ఎందుకని కొందరు మిత్రులు మమ్ములను అడిగారు. సమాధానం మన వైద్య బిల్లులలోనే ఉన్నది. డాక్టరు రుసుము కంటె, పడక అద్దె కంటె, శరీరంలో అమర్చిన వస్తువు ఖరీదే అధికంగా ఉండటం మనలో అనేకులు ఎరిగినదే. తపాలా ఉద్యోగికి నిర్ణీత రేటు వరకే తిరిగి చెల్లిస్తారు. మిగిలినది అప్పు చేయవలసిందే. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయించగానే, లక్ష రూపాయలు దాటిన మందుపూత గుండె స్టెంటు 29,600 రూపాయలకు దిగినది. ధరల నియంత్రణ కోసం పోరాడవలసిందే. కాని వస్తువును తయారుచేసే విద్య మనకు లేనప్పుడు ఆ పోరాటం సగంలోనే ఆగిపోతుంది.

ఇందుకు తిరువనంతపురం ఉదాహరణ చూడండి. అక్కడి శ్రీచిత్ర తిరునాళ్ సంస్థకు 1980లో పార్లమెంటు చట్టం ద్వారా విశ్వవిద్యాలయ ప్రతిపత్తి లభించినది. శస్త్రచికిత్సకుడు డాక్టర్ ఎం. ఎస్. వలియత్తాన్ నాయకత్వాన డాక్టర్లు, ఇంజనీర్లు కలిసి కృత్రిమ గుండె కవాటం నిర్మించ పూనుకున్నారు. కీళ్ళవాతపు జ్వరం వల్ల కవాటాలు చెడేది ఎక్కువగా పేదల పిల్లలకే. దిగుమతి కవాటం కొనే శక్తి లేనిది కూడా వారికే.

గుండె రోజుకు లక్ష సార్లు కొట్టుకుంటుంది. అంటే ఏడాదికి మూడున్నర కోట్లకు పైగా కవాటం తెరుచుకొని మూసుకోవాలి. పట్టాపై చక్రం అరుగుదల ఎరిగిన రైల్వే కార్మికునికి ఈ సమస్యను వేరుగా వివరించనక్కరలేదు. మొదటి మూడు నమూనాలూ విఫలమైనవి. ఒక దానిలో పలకను నీలమణి స్ఫటికంతో చేశారు; అదీ నిలవలేదు. విమాన ఇంజన్లలో వాడే కోబాల్టు మిశ్రలోహపు చట్రం, గట్టి ప్లాస్టిక్ పలకతో నాలుగవది నిలిచినది. గొర్రెలపై పరీక్షలు ముగిసి, 1990 డిసెంబరులో మొదటి రోగికి అమర్చారు. ఇంచుమించు పుష్కర కాలం పట్టినది. లాభం చూసుకొనే ఏ కంపెనీ మూడు వైఫల్యాల తరువాత నాలుగవదానికి డబ్బు పెట్టేది? ప్రజాధనంతో నడిచే విద్యాసంస్థ కనుకనే ఆ ఓపిక సాధ్యమైనది. నేటికి ఆ కవాటం లక్ష మందికి పైగా అమరినది.

మన తెలుగునాట మరొక అనుభవం ఉన్నది. హెపటైటిస్-బి టీకా దిగుమతి ధర వందలలో ఉన్న రోజులలో, శాంతా బయోటెక్నిక్స్ వారు ఉస్మానియా విశ్వవిద్యాలయంలోను, తరువాత సీసీఎంబీ ప్రయోగశాలలోను చోటు పొంది పరిశోధన సాగించి, 1997లో దేశీయ టీకాను దాదాపు 50 రూపాయలకు తెచ్చారు. గర్వించదగినదే. కాని 2009లో ఆ సంస్థ ఫ్రాన్సుకు చెందిన సనోఫీ హస్తగతమైనది. ప్రభుత్వ ప్రయోగశాలలో పెరిగిన విద్య చివరకు ఎవరి చేతికి పోవాలన్న షరతు మొదటనే రాసుకోకపోతే ఇట్లే జరుగుతుంది.

ఇక బారిడీహ్ విషయం. 2020లో ఇక్కడ మణిపాల్ టాటా వైద్య కళాశాల వెలసినది. అక్కడి ఫీజులు మన జీతాలకు అందుతాయా అన్నది పెద్ద ప్రశ్నే, దానిని మరొక సభలో తేల్చుకుందాం. ఈ కళాశాల మణిపాల్ విశ్వవిద్యాలయానికి చెందినది. 2024లో కన్నుమూసిన వలియత్తాన్‌గారే 1990లలో దానికి ఉపకులపతిగా పనిచేశారు. ఇదే పట్టణంలో 1950లో నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహ పరిశోధనశాల ఉన్నది. నది దాటితే ఆదిత్యపూర్‌లో 1960 నాటి ఇంజనీరింగ్ కళాశాల, నేటి ఎన్‌ఐటీ ఉన్నది. రోగి, లోహం, ఇంజనీరు, మూడూ ఒకే ఊరిలో ఉన్నప్పుడు ఎముకలో బిగించే మరకు, కృత్రిమ కీలుకు దూరదేశం వైపు చూడటం ఎందుకు? ఉక్కు కార్మికునికీ, గ్యాంగ్‌మన్‌కూ తరచు విరిగేది ఎముకే కదా!

ఈ మూడు సంస్థలూ ఉమ్మడిగా ఒక పరికరాల నిర్మాణ విభాగం నెలకొల్పాలని, ప్రజాధనంతో రూపొందిన పరికరాన్ని కంపెనీకి అప్పగించే ఒప్పందంలోనే గరిష్ఠ ధర రాయాలని మేము కోరుతున్నాము. మన శాఖలకూ ఒక పని ఉన్నది. మీ పరిధిలోని ఆసుపత్రులలో మూలబడిన యంత్రాలు ఏవి, ఎన్నాళ్ళుగా ఆగినవి, భాగం దొరకకనా, బాగుచేసే మనిషి లేకనా అన్నది వ్రాసి పంపండి. ఆ జాబితా చేతికి అందగానే ఈ సంస్థల అధికారులను కలుసుకొనే పని మేము చూస్తాము.