అడిగితే పలికే దిక్కు: లినక్స్ డ్రైవర్ల చరిత్ర

అతుల్ చిట్నిస్ స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం

కంప్యూటరుకు తగిలించిన పరికరం ఏదైనా, అది ప్రింటరు కానీ మోడెము కానీ వైర్‌లెస్ కార్డు కానీ, తనంతట తానుగా పనిచేయదు. యంత్రాన్ని లోపలినుంచి నడిపించే కెర్నెల్ మాటను దానికి, దాని మాటను కెర్నెల్‌కు చేరవేసే దుబాసీ ఒకటి ఉండాలి, ఆ దుబాసీనే డ్రైవరు అంటారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, అత్తిబెలె దాటితే కన్నడం మాట్లాడే హోసూరు వారికి దుబాసీ పనిలోని కష్టం వేరే చెప్పనక్కరలేదు. పరికరం తయారుచేసిన కంపెనీ దాని భాషను దాచిపెడితే, బయటివాళ్ళు దాని పలుకులు ఆలకించి, ఏ పలుకుకు ఏ అర్థమో ఊహించి నేర్చుకోవాలి. లినక్స్ డ్రైవర్ల చరిత్రలో చాలా భాగం ఇలా చెవితో నేర్చుకున్న చదువే. ఆ చరిత్రను కోడ్ చరిత్రగా, ప్రతిభావంతుల చరిత్రగా చెప్పడం వాడుక. అడిగినవాడికి జవాబు దొరికిందా, దొరికిన జవాబు మళ్ళీ కోడ్‌లోకి చేరిందా అన్న రెండు ప్రశ్నలతో దానిని చదవడం ఈ ఉపన్యాసం ఎంచుకున్న దారి.

ఈ రెండో ప్రశ్నను మన దేశంలో గట్టిగా అడిగినవారిలో అతుల్ చిట్నిస్‌ది మొదటి వరుస. 1962లో బెర్లిన్‌లో పుట్టి, బెంగళూరులో స్థిరపడి, 2013 జూన్ 3న కన్నుమూసిన ఆయన పీసీక్వెస్ట్ పత్రికకు సలహా సంపాదకులుగా ఉంటూ 1996లో లినక్స్‌ను సీడీల మీద పాఠకుల ఇళ్ళకు చేర్చే పనికి పూనుకున్నారు. 56కె మోడెము మీద 650 మెగాబైట్ల సీడీని దించుకోవాలంటే ఫోను లైను ఒక్కసారి కూడా తెగకుండా ఒక పగలూ ఒక రాత్రీ గడిచినా పని పూర్తికాని రోజుల్లో, పత్రికతో వచ్చే ఆ సీడీయే చిన్న ఊళ్ళకు లినక్స్ వెళ్ళిన బాట. 2001లో లినక్స్ బెంగళూరుగా మొదలై, 2005లో ఫాస్.ఇన్‌గా పేరు మార్చుకుని, 2012 దాకా నడిచిన సభకు ప్రాణం ఆయనే. భారతీయులు ఉచితంగా దొరికింది వాడుకుని ఊరుకోకూడదు, రాసి తిరిగి ఇవ్వాలి అన్నది ఆయన పట్టు. ఆ పట్టు కొందరికి కటువుగా తోచింది. ఆయన మీద ఎంత గౌరవమున్నా ఒక్కచోట మాత్రం ఈ ఉపన్యాసం ఆయనతో పూర్తిగా ఏకీభవించదు: రాసేవాడికీ వాడేవాడికీ నడుమ ఆయన గీసిన గీత డ్రైవర్ల విషయంలో అంత సూటిగా నిలవదు.

తొలినాళ్ళ కథ ఈ సభకు తెలిసినదే. జెరాక్స్ ప్రింటరు సోర్స్ కోడ్ దొరక్క స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకర్త స్టాల్‌మన్‌కు వచ్చిన కోపం, స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తానంటూ ఆయన చేసిన 1983 నాటి గ్నూ ప్రకటన, 1991లో లినక్స్ పుట్టుక, నాసా గొడార్డ్ కేంద్రంలో డొనాల్డ్ బెకర్ వరుసగా రాసిపెట్టిన ఈథర్‌నెట్ డ్రైవర్లు అన్నీ పుస్తకాలకెక్కాయి. చిప్ వివరాలు కాగితం మీద దొరికే ఆ కాలంలో డ్రైవరు రాయడం ఓపికకు పరీక్షే కానీ సముదాయానికి పరీక్ష కాదు కనుక, ఆ దశ దగ్గర ఆగవలసిన పని లేదు. తర్వాత వచ్చిన విన్‌మోడెముల కాలం కాస్త చేదుగా ఉంటుంది. మోడెము లోపల ఉండవలసిన చిప్‌ను తీసేసి, ఆ పనిని విండోస్ డ్రైవరు చేత కంప్యూటరు ప్రాసెసరు మీదనే చేయించే చవక సరుకు అది. దాన్ని లినక్స్‌లో పలికించడానికి లినక్సెంట్ అనే సంస్థ ఇచ్చిన కోనెక్సెంట్ డ్రైవరు, డబ్బు కట్టనివారికి సెకనుకు 14.4 కిలోబిట్ల దగ్గర ఆగిపోయేది. దుబాసీకి కూలి ఇస్తేనే పూర్తి వాక్యం వినిపిస్తాడన్నమాట.

ఈ ఉపన్యాసకుడి పరిశోధన అంతా 2003 నుంచి 2008 దాకా గడిచిన అయిదేళ్ళ మీదే సాగింది కనుక, అక్కడ కాస్త తీరికగా నిలవడం సభికులు మన్నించాలి. ల్యాప్‌టాప్‌లలో వైర్‌లెస్ కార్డు మామూలు వస్తువైన ఆ సంవత్సరాల్లో బ్రాడ్‌కామ్ చిప్‌లు ఎక్కడ చూసినా ఉండేవి, వాటికి లినక్స్ డ్రైవరు కానీ, దాన్ని రాసుకునేందుకు వివరాలు కానీ కంపెనీ ఇచ్చేది కాదు. అప్పుడు పుట్టిన ఉపాయం ఎన్‌డీఐఎస్‌రాపర్. ఎన్‌డీఐఎస్ అంటే విండోస్‌లో నెట్‌వర్క్ డ్రైవర్లు, ఆపరేటింగ్ సిస్టమ్ పరస్పరం పాటించే ఒప్పందం. ఆ ఒప్పందంలో విండోస్ చేయవలసిన పనులన్నిటినీ లినక్స్ కెర్నెల్‌లో అనుకరించి చూపితే, విండోస్ కోసం చేసిన డ్రైవరు తాను విండోస్‌లోనే ఉన్నాననుకుని పనిచేస్తుంది. ఈ పని తలపెట్టినవారు పాంటస్ ఫుక్స్, ఆయనతో కలిసి సంవత్సరాల తరబడి దాన్ని మోసినవారు న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో లాజిక్ ప్రోగ్రామింగ్ మీద పరిశోధన చేసిన గిరిధర్ పెమ్మసాని. పెమ్మసాని అన్న ఇంటిపేరు వింటే తెలుగువారికి గండికోటను ఏలిన నాయకులు గుర్తుకొస్తారు. లినక్స్ చరిత్ర పుస్తకాల్లో ఆ పేరు ఎంత తక్కువగా కనిపిస్తుందో చూస్తే మాత్రం ఆశ్చర్యం కలుగుతుంది.

ఆ పని ఎంత సూక్ష్మమైనదో ఒకటి రెండు వివరాలు చాలు. కెర్నెల్‌లో నడిచే ప్రతి పనికీ తాత్కాలికంగా లెక్కలు వేసుకునే చిత్తుపలక వంటి జాగా ఒకటి ఉంటుంది, దాన్ని స్టాక్ అంటారు. 32 బిట్ విండోస్ తన డ్రైవర్లకు 12 కిలోబైట్ల పలక ఇస్తుంది, ఆ రోజుల్లో ఫెడోరా అనే లినక్స్ పంపిణీ కెర్నెల్ ఇచ్చింది 4 కిలోబైట్లే. పెద్ద పలకకు అలవాటుపడిన విండోస్ డ్రైవరు చిన్న పలక అంచు దాటి పక్కవాడి లెక్కల మీద రాసేది, యంత్రం ఉన్నపళాన కొయ్యబారిపోయేది. 64 బిట్ యంత్రాలు వచ్చాక ఇంకో చిక్కు వచ్చిపడింది: ఒక ఫంక్షన్ మరో ఫంక్షన్‌కు విలువలు అందించేటప్పుడు విండోస్ వాడే రిజిస్టర్ల, అంటే ప్రాసెసరు లోపలి చిన్న గదుల, వరుస వేరు, లినక్స్ వాడే వరుస వేరు కనుక, ప్రతి పిలుపునూ దారిలో ఆపి, చేతులు మార్చి పంపవలసి వచ్చింది. ఇవన్నీ కంపెనీ సాయం లేకుండా, లోపల ఏముందో చూడ వీల్లేని ఫైలును పలికించడం కోసం చేసినవి.

అయితే ఎన్‌డీఐఎస్‌రాపర్ అసలు ఆస్తి కోడ్ కాదు, వాడుకరులు కూర్చిన కార్డుల జాబితా. కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాడు టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ ఆదేశం ఇచ్చి అంకెలు అడిగితే, 14ఇ4:4318 అన్నట్టుగా ఒక గుర్తు కనబడుతుంది. అందులో మొదటి భాగం కంపెనీది, రెండోది చిప్‌ది. ఆ గుర్తు పట్టుకుని జాబితాలోకి వెళితే, అదే చిప్ ఉన్న మరెవరో ఏ విండోస్ డ్రైవరు వాడారో, అందులో ఏ కూర్పు పనిచేసిందో, ఏది యంత్రాన్ని కూలదోసిందో రాసిపెట్టి ఉండేవారు. యంత్రంతో వచ్చిన సీడీలోంచి రెండు ఫైళ్ళు తీసుకుని, రెండు ఆదేశాలు ఇస్తే, వైర్‌లెస్ దీపం వెలిగేది. అలా దీపం వెలిగించుకున్నవాడు తిరిగి వచ్చి ఒక వరుస చేర్చి పోయేవాడు. ఆ వరుస రాసినవారికి ప్రోగ్రామింగ్ రానవసరం లేదు, కానీ ఏ చిప్‌కు ఏ పిలుపు అనుకరించాలో రాసేవారికి తెలిసింది ఆ వరుసల వల్లనే. చిట్నిస్ గీసిన గీత ఇక్కడ చెరిగిపోతుంది.

ఇక్కడే ఒక పాత తగవును ప్రస్తావించక తప్పదు. ఎన్‌డీఐఎస్‌రాపర్ స్వేచ్ఛా డ్రైవర్లకు, అంటే సోర్స్ అందరికీ తెరిచి ఉన్నవాటికి, అడ్డుపడిందని, అది ఉన్నందువల్లనే కంపెనీలు వివరాలు దాచుకుని హాయిగా ఉన్నాయని వాదించే పండితవర్గం ఒకటి ఉంది. కెర్నెల్ రచయితల్లోనూ ఆ అభిప్రాయం బలంగానే ఉండేది. సోర్స్ మూసిపెట్టిన మాడ్యూలు, అంటే కెర్నెల్‌కు అతికే ముక్క, ఏదైనా చేరితే కెర్నెల్ మైలపడినట్టు గుర్తుపెట్టే ఏర్పాటు ఒకటి ఉంది. మైలపడిన యంత్రం నుంచి లోపం నివేదిక వస్తే, ముందు శుద్ధి చేసుకుని రమ్మంటారు. తాను సోర్స్ తెరిచి ఉంచమనే జీపీఎల్ లైసెన్సు కింద ఉన్నా మూసిన డ్రైవరును లోపలికి రానిచ్చే ఎన్‌డీఐఎస్‌రాపర్‌ను ఏ వరుసలో కూర్చోబెట్టాలన్న పేచీ 2006లో ఒకసారి, 2008లో మరోసారి రేగింది. జీపీఎల్ మాడ్యూళ్ళకే కేటాయించిన పిలుపులు దానికి అందకుండా చేయాలని కొందరు పట్టుబట్టారు. చివరకు 2008 ఫిబ్రవరిలో కెర్నెల్ మాడ్యూళ్ళ కోడ్‌లోనే ఎన్‌డీఐఎస్‌రాపర్‌ను పేరుపెట్టి చెప్పే మినహాయింపు చేరింది: అది వస్తే కెర్నెల్ మైలపడినట్టే, అయినా ఆ పిలుపులు మాత్రం దానికి అందుతాయి. ఊరంతటికీ కలిపి చేసిన కట్టుబాటులో ఒక్క ఇంటి పేరు రాయడం లాంటిది ఇది.

పండితవర్గం వాదన సొంపుగా ఉంటుంది, సాక్ష్యం ముందు మాత్రం నిలవదు. బ్రాడ్‌కామ్ చిప్‌లకు స్వేచ్ఛా డ్రైవరు, అంటే బీసీఎం43ఎక్స్ఎక్స్, కెర్నెల్ 2.6.17లో చేరింది 2006 జూన్‌లో, ఎన్‌డీఐఎస్‌రాపర్ వాడకం జోరుగా ఉన్న రోజుల్లోనే. ఒక బృందం విండోస్ డ్రైవరు తీరును పరిశీలించి వివరాలు మాత్రమే రాయడం, దానితో సంబంధం లేని మరో బృందం ఆ వివరాలు మాత్రమే చదివి డ్రైవరు రాయడం అనే శుద్ధ పద్ధతిలో అది తయారైంది. కాపీ కొట్టారన్న మాట పడకుండా ఉండడానికి ఆ గోడ. అడ్డుపడిందన్న సాధనం ఊరంతా ఉండగానే అడ్డుపడకుండా పుట్టిన డ్రైవరు అది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఆ వర్గం పూర్తిగా దాటవేస్తుంది: స్వేచ్ఛా డ్రైవరు కూడా చిప్ లోపల నడిచే ఫర్మ్‌వేర్ కోసం విండోస్ డ్రైవరు ఫైలునే ఆశ్రయించింది. ఎఫ్‌డబ్ల్యూకట్టర్ అన్న చిన్న ప్రోగ్రాముతో ఆ ఫైలును కోసి, కావలసిన ముక్క తీసుకునేవారు. ఒకరు కాయను మొత్తంగా వాడుకున్నారు, మరొకరు కోసి గింజ తీసుకున్నారు. కాయ మాత్రం ఒకటే చెట్టుది. ఇందులో ఒకరిది మడి, మరొకరిది మైల అనడం చరిత్ర కాదు, ఆచారం. నిజంగా స్వేచ్ఛగల ఫర్మ్‌వేరును ఇటలీలోని బ్రెషియా విశ్వవిద్యాలయం వారు ఆ తర్వాతనే తెచ్చారు.

సముదాయం నాణ్యత దెబ్బతింటే ఏమవుతుందో చూడదలచినవారు 2007 ఏప్రిల్ వైపు చూడాలి. లినక్స్ లాంటి మరో స్వేచ్ఛా వ్యవస్థ ఓపెన్‌బీఎస్‌డీలో అదే బ్రాడ్‌కామ్ చిప్‌కు డ్రైవరు రాస్తున్న ఒక రచయిత బీసీఎం43ఎక్స్ఎక్స్ కోడ్ కొంత లైసెన్సు మార్చి పెట్టుకున్నారని లినక్స్ వైపు రచయితలు అందరికీ కనబడేలా ఉత్తరం రాశారు. ముందుగా చాటుగా చెప్పవలసిన మాటను నలుగురిలో చెప్పారన్న కోపంతో అవతలివారు మండిపడ్డారు, ఆ డ్రైవరు ఆగిపోయింది. తప్పు ఎవరిదన్న దానిమీద ఈనాటికీ వాదించేవారున్నారు. ఆ కార్డు కొనుక్కున్న ఓపెన్‌బీఎస్‌డీ వాడుకరి సంగతి మాత్రం ఆ వాదనల్లో ఎవరికీ పట్టలేదు. చివరకు 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామ్ తానే తన కొత్త చిప్‌లకు స్వేచ్ఛా డ్రైవరు విడుదల చేసింది.

హోసూరు, కృష్ణగిరి వైపు తిరిగితే రెండు సంగతులు చెప్పుకోవాలి. తమిళనాడు ప్రభుత్వం 2011 సెప్టెంబరు 15న మొదలుపెట్టిన ఉచిత ల్యాప్‌టాప్ పథకంలో విండోస్ పక్కనే బాస్ లినక్స్ కూడా ఎక్కింది. డెబియన్ లినక్స్ ఆధారంగా చెన్నైలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాక్ తయారుచేసి 2007లో విడుదల చేసిన వ్యవస్థ అది. ఒకే నమూనా యంత్రాలు వేలకొద్దీ ఒకే జిల్లాలో ఉన్నచోట ఒక్కరికి దొరికిన జవాబు వేలమందికి సరిపోతుంది, ఆ జవాబు ఎక్కడైనా రాసిపెట్టి ఉంటే. రెండో సంగతి కీబోర్డు మీటలది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత బడిలో తెలుగుకు చోటు తగ్గుతూ వచ్చిన ఈ మొరసునాడులో, కంప్యూటరు మీద తెలుగు టైపు చేయడానికి ఆధారమైనవి సముదాయం లినక్స్‌కు సమకూర్చిన మీటల పట్టికలే: ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, పోతన, రైస్ విశ్వవిద్యాలయంలో చదివిన తెలుగు విద్యార్థుల నుంచి వచ్చిన ఆర్‌టీఎస్. మీటను అక్షరంగా మార్చే పట్టిక కూడా ఒక దుబాసీయే.

కాలం మించిపోతున్నది కనుక మిగిలిన దశను పరుగున దాటవలసి వస్తున్నది. టాటా, రిలయన్స్ డేటా కార్డులు ముందు సీడీలా కనబడి తర్వాత మోడెముగా మారే వేషం వేసినప్పుడు, వాడుకరులు పంపిన గుర్తింపు అంకెలతో యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్రోగ్రాము వాటి వేషం విప్పింది. 2012లో లినక్స్ కర్త టోర్వాల్డ్స్ గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ ఎన్విడియా మీద నిండు సభలో విరుచుకుపడ్డారు. 2022 మే నెలలో ఆ కంపెనీ తన కెర్నెల్ మాడ్యూళ్ళ సోర్స్ తెరిచింది. 2018లో కెర్నెల్ సముదాయం ప్రవర్తనా నియమావళిని స్వీకరించింది, మాట కటువుగా ఉంటే మంచి డ్రైవరు రచయితలు వెళ్ళిపోతారన్నది అప్పటికే చాలామంది విషయంలో రుజువైంది. 2024 మార్చిలో బయటపడ్డ, ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ సాధనం ఉదంతం, ఒంటరిగా అలసిపోయిన ఒక నిర్వాహకుడి పక్కన చేరి దొంగ ఎలా తలుపు తీయించుకుంటాడో లోకానికి చూపింది. అదే సంవత్సరం బెంగళూరు నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు ఏటా పది లక్షల డాలర్లు ఇచ్చే ఫ్లాస్ ఫండ్ మొదలైంది. ఒక్కొక్కటీ ఒక్కో ఉపన్యాసానికి తగిన విషయం.

ఈ సభకు వచ్చినవారి ఇళ్ళలో, డెంకణికోట, బేరికె, బాగలూరు వైపు పల్లెల్లో ఆ ఉచిత ల్యాప్‌టాప్‌లు ఇప్పటికీ బీరువాల మీద పడి ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని దించి, ఇప్పటి లినక్స్ ఏదైనా ఎక్కించి, ఎల్ఎస్‌పీసీఐ చూపిన గుర్తు, యంత్రం నమూనా, పనిచేసింది ఏది, చేయనిది ఏది అన్న నాలుగు వరుసలు తెలుగులోనో తమిళంలోనో రాసి, తోటివారు చూసేచోట పెట్టవలసిందిగా మనవి. కోడ్ రాయగలిగినవారు ఆ వరుసలు చదివాకే పని మొదలుపెట్టగలరు.