వారంటీ తీరిన లారీ, తీరని జబ్బు

వారంటీ గడువు ముగిసిన మరునాటినుండి లారీ యజమాని మొర డీలరు చెవికెక్కుట తగ్గిపోవుననునది లోకానుభవమే. అయినను, గడువులోపల ఆరంభమై, పలుమార్లు బాగుచేసితిమని చెప్పబడి, మరల మరల తలయెత్తు లోపము ఆ గడువునాటిదే యని నిరూపింపగలిగినచో వాదమునకు బలము చేకూరును. ఆ నిరూపణ యంతయు సర్వీసు కేంద్రమువారు వ్రాయు జాబ్ కార్డునందే యున్నది. ఉదాహరణకు, 2020 ఏప్రిల్ 1 తరువాత వచ్చిన బి.ఎస్.-6 లారీలలో, పొగను శుద్ధిచేయుటకై యూరియా ద్రావణమును చిమ్ము ఏర్పాటు చెడినప్పుడు, హెచ్చరిక దీపము వెలిగి, ఇంజను శక్తి సన్నగిల్లి, నిండు లోడుతో ఘాటెక్కలేక బండి నిలిచిపోవచ్చును. అట్టి జబ్బును సర్వీసు అడ్వైజరు "జనరల్ చెకప్" అని వ్రాసి టీ తెప్పించును. టీ త్రాగవచ్చును గాని ఆ వ్రాతక్రింద సంతకము చేయరాదు. డ్రైవరు చెప్పిన లక్షణము, స్కానరు చూపిన కోడు, కిలోమీటర్ల అంకె, మార్చిన భాగము పేరు కార్డునందు ఉండి తీరవలెను.

పిదప ఆ కార్డుల నకళ్లతో తయారీ సంస్థ ప్రాంతీయ అధికారికి లేఖ వ్రాసి, భాగముల ఖరీదునైనను భరింపుడని కోరుట యుక్తము. గడువు దాటినను ఇట్టి సర్దుబాట్లు జరుగుట కద్దు. ఫలింపనిచో 1915 నంబరు గల జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషను కలవు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము వాణిజ్యార్థము కొన్నవారిని వినియోగదారులుగా నెంచదు. కాని స్వయముపాధిచే పొట్టపోసుకొనుటకై లారీ కొని నడుపుకొనువానికి ఆ తలుపు మూయలేదు. వ్యాజ్యకారణము పుట్టిన రెండేండ్లలోగా ఫిర్యాదు దాఖలు కావలెను గనుక, "వచ్చే నెల చూతము" అను డీలరు మాటను సయితము వ్రాతమూలకముగానే పుచ్చుకొనవలెను.