కోర్టుకిచ్చిన మాట
(మహబూబాబాద్ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కోర్టు ఆఫీసులో పనిచేసినవాణ్ణి కనుక కోర్టు ధిక్కారం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ధిక్కారమంటే జడ్జీగారిని నిందించడమేనని చాలామంది అభిప్రాయం. 1971 నాటి చట్టం ప్రకారం కోర్టు ఉత్తర్వును కావాలని ఉల్లంఘించడమే కాదు, కోర్టుకిచ్చిన హామీని కావాలని తప్పడం కూడా ధిక్కారమే. శిక్ష ఆరు నెలల వరకు సాధారణ జైలు, లేదా రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ రెండు వేలు నాటినుంచి నేటివరకు పెరగలేదు. దానికి మన డి.ఏ. వంటిదేమీ లేదు మరి!

హామీ తప్పితే ఎంతటివారికైనా శిక్ష పడుతుందనడానికి కల్యాణ్ సింగ్ గారి కేసే సాక్ష్యం. అయోధ్యలో ప్రభుత్వం సేకరించిన స్థలంలో శాశ్వత నిర్మాణం జరగనివ్వమని ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఆయన ఇచ్చిన మాటను సుప్రీంకోర్టు 1991 నవంబరులో ఉత్తర్వులో నమోదు చేసింది. 1992 జూలైలో అక్కడ సిమెంటు వేదిక లేచింది. 1994 అక్టోబరు 24న ఆయనకు ఒకరోజు జైలు, రెండు వేల జరిమానా విధించారు. ఒక్కరోజేనా అని కొందరు నవ్వారు. ముఖ్యమంత్రిగా ఇచ్చిన మాటకు మనిషే జైలుకు పోవలసి వచ్చిందన్నది నాకు ముఖ్యంగా తోచింది.

ఇక మన అధికారుల సంగతి. ఇది హామీ కాదు, ఉత్తర్వు ఉల్లంఘన. హైకోర్టు వద్దన్నా గుంటూరు జిల్లాలో ఒక తహశీల్దారు 2014 జనవరిలో పేదల గుడిసెలు తీయించారు. హైకోర్టు రెండు నెలల జైలు వేసింది. అప్పీళ్లు నడుస్తుండగా ఆయన డిప్యూటీ కలెక్టరయ్యారు. జైలుకు పంపితే ఉద్యోగం పోయి కుటుంబం రోడ్డున పడుతుందని తలచి సుప్రీంకోర్టు 2025 మే 9న ఆయన్ను తిరిగి తహశీల్దారుగా దించి, లక్ష రూపాయల జరిమానా వేసింది. సర్వీసు చేసినవాళ్లం, ఆ దించుడు ఎంత బాధో మనకు తెలుసు.

ఇదంతా మనకెందుకంటారా? గ్రాట్యుటీ, కమ్యుటేషన్ బకాయిల కోసం హైకోర్టు మెట్లెక్కినవారు మనలో ఉన్నారు. ప్రభుత్వ వకీలు లేచి “ఆరు వారాల్లో చెల్లిస్తాం” అనగానే సంబరపడి ఇంటికి రాకండి. ఆ మాట ఆనాటి ఉత్తర్వులో ఎక్కిందా అని మీ వకీలును అడగండి. కక్షిదారు తరఫున వకీలు కోర్టుకిచ్చిన హామీ కూడా కట్టడి చేస్తుందని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం మీద లేని మాటను రుజువు చేయడం మాత్రం కష్టం.

ఇంకొకటి. గడువు దాటిన నాటినుంచి ఏడాదిలోపే ధిక్కార పిటిషను వేయాలి. “రేపు రండి, ఎల్లుండి రండి” అంటే నమ్మి, ఆఫీసుల చుట్టూ తిరిగి ఆ ఏడాది పోగొట్టుకున్నవారిని చూశాను.

మీరే ఇంటి దావాలో ఖాళీ చేస్తామనో, అమ్మబోమనో కోర్టుకు రాసిచ్చి ఉంటే మీకూ ఇదే చట్టం. మీలో మీరు రాసుకున్న రాజీ వేరు. అది తప్పితే సాధారణంగా అమలు దరఖాస్తు వేసుకోవాలి.

ఉత్తర్వుల నకళ్లు తెచ్చినవారు టీ తరవాత నా దగ్గరకు రండి. కలిసి చదువుదాం. సెలవు.