తలుపు దగ్గర అడ్డు నిలబడకండి
(యువజన కూడికలో చేసిన ప్రసంగం)



ఈ సాయంత్రం నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. నా దగ్గర ఉన్నది ఒక ఒప్పుకోలు. అదే చెబుతాను.

కొన్నేళ్ల కిందట మా సంఘంలో ఒక అబ్బాయి ఉండేవాడు. తాతల కాలంలోనే పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆరాధనలో గిటార్ వాయించేవాడు. బండి మీద నుంచి పడి కాలు విరిగింది. నొప్పికి వేసుకున్న మాత్రలు కాలు బాగయ్యాక కూడా మానలేకపోయాడు. తర్వాత అవే మాత్రలు కరిగించి సూదితో ఎక్కించుకోవడం నేర్చుకున్నాడు. చివరికి వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. వాడు చికిత్స కోసం గడప తొక్కడం అదే మొదటిసారి. డాక్టరుగారు నాలుక కింద పెట్టుకునే మాత్ర మొదలుపెట్టారు. కొన్ని వారాల్లోనే కడుపునిండా తిన్నాడు, నిద్రపోయాడు, పనికి వెళ్లాడు.

అప్పుడు నేనే వాడితో అన్నాను: "ఒక మత్తు మాని ఇంకో మత్తు పట్టుకోవడం విడుదల ఎలా అవుతుందిరా? విశ్వాసం ఉంటే ఆ మాత్ర కూడా మానెయ్."

నా మాట విని మానేశాడు. రెండు నెలలు బాగానే ఉన్నాడు. ఒక రాత్రి మళ్లీ తడబడి, పాత మోతాదే ఎక్కించుకున్నాడు. తెల్లారి లేవలేదు.

ఆ తర్వాతే నేను డాక్టర్లను అడిగి తెలుసుకున్నాను. నల్లమందు, హెరాయిన్, ట్రమడాల్, టాపెంటడాల్ లాంటివన్నీ ఓపియాయిడ్లు. వీటికి అలవాటుపడ్డ శరీరం మామూలు కంటే ఎక్కువ మోతాదును తట్టుకుంటుంది. కొన్నాళ్లు మానేస్తే ఆ తట్టుకునే శక్తి పోతుంది. అప్పుడు పాత మోతాదే శ్వాసను ఆపేస్తుంది. బ్యూప్రెనార్ఫిన్ అనే ఆ నాలుక కింది మాత్ర యావను అణిచి, మనిషిని నిలకడగా ఉంచుతుంది, ప్రాణం కాపాడుతుంది. షుగరు ఉన్నవాళ్లను ఇన్సులిన్ మానేసి విశ్వాసం చూపించమని మనం అడగం కదా? ఎన్నాళ్లు వాడాలి, ఎప్పుడు తగ్గించాలి అన్నది డాక్టరు చెప్పాలి. నేను చెప్పకూడదు.

ఇది ఒక్క ఇంటి కథ అనుకోకండి. 2019లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన సర్వే ప్రకారం దేశంలో సుమారు 2.26 కోట్ల మంది ఓపియాయిడ్లు వాడుతున్నారు. వాళ్లలో సుమారు 77 లక్షల మందికి సహాయం అవసరం. చట్టం ఒప్పుకోని మత్తుమందులకు బానిసలైనవాళ్లలో చాలామందికి చికిత్స అందడం లేదని కూడా ఆ సర్వే చెప్పింది. వాళ్లు ఎందుకు వెళ్లడం లేదు?

మొదటి కారణం ఒంటి బాధ. మానిన మొదటి రోజుల్లో ఒళ్లు నొప్పులు, ఆవులింతలు, ముక్కు కారడం, వాంతులు, విరేచనాలు, నిద్రలేమి. హెరాయిన్ అయితే రెండు మూడు రోజులకు ఈ బాధ బాగా ముదురుతుంది. గదిలో పెట్టి గొళ్లెం వేస్తే ఇది తగ్గదు, మందుతో తగ్గుతుంది.

రెండోది పోలీసుల భయం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. మత్తుమందు వాడినందుకో, కొద్ది మొత్తం దగ్గర ఉన్నందుకో కేసులో ఉన్న బానిస తనంతట తానే ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు చేరితే, ఆ నేరానికి శిక్ష నుంచి రక్షణ పొందవచ్చు. అయితే చికిత్స పూర్తిచేయాలి.

మూడోది, గొలుసులతో కట్టి కొట్టే కేంద్రాల గురించి విన్న మాటలు. 2017 మానసిక ఆరోగ్య చట్టం కిందికి మత్తు వ్యసనం కూడా వస్తుంది. రోగిని గొలుసులతో కట్టడాన్ని ఆ చట్టం నిషేధించింది. బిడ్డను చేర్చే ముందు రిజిస్ట్రేషన్ ఉందా, డాక్టరు ఉన్నారా అని అడగండి. బెంగళూరు నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి, డబ్బు ఖర్చు కాదు.

నాలుగో కారణం మనమే. మన గుసగుసలు. "ఫలానావాళ్ల అబ్బాయి" అనే ఆ ఒక్క మాట.

పక్షవాయువు ఉన్న మనిషిని నలుగురు మోసుకొచ్చిన సంగతి మీకు తెలుసు. ఆ ఇంటి తలుపు దగ్గర దారి మూసుకుపోయింది ఎవరివల్ల? వాక్యం వినడానికి వచ్చినవాళ్లవల్లే. నేను కూడా ఆ గుంపులో నిలబడ్డవాణ్ణే.

యవ్వనస్థులారా, మీరు ఆ నలుగురిలో ఉండండి. మీ స్నేహితుడు "భయంగా ఉంది, వెళ్దామా?" అంటే ప్రసంగం చేయకండి, చెప్పులు వేసుకుని బయల్దేరండి. మన అమ్మమ్మలకూ అమ్మలకూ ఆసుపత్రిలో మాట్లాడే భాష రాకపోతే, పక్కన కూర్చుని తెలుగులో చెప్పండి. మళ్లీ పడిపోతే మళ్లీ తీసుకెళ్లండి. ప్రార్థన చేయండి, మాత్ర వేళ కూడా గుర్తుచేయండి.

ఆ అబ్బాయి వాళ్లమ్మ ఇప్పటికీ ఆదివారం నా ముందు వరుసలోనే కూర్చుంటుంది. ఈ మాటలు మీకు చెప్పమన్నది ఆమే.